నెట్‌వర్కు ద్వారా కంప్యూటర్ల మేలుకొలుపు

వరినాట్లు వేయు రైతు పొలమంతటిని ఒక్కసారిగా తలకెత్తుకొనడు. ముందుగా ఒక మూల చిన్న నారుమడిని దున్ని, మంచి విత్తనము చల్లి, నారు తగినంత ఎదిగిన పిమ్మట దానిని పెరికి పొలమంతట నాటించును. నారుమడి చిన్నదే అయినను రైతు కన్ను ఎప్పుడును దానిమీదనే యుండును. నారు బలముగా నున్నచో పైరు బలముగా నుండును. నారునకే తెగులు సోకినచో అది ఆ చిన్న మడితో ఆగక, నాటిన ప్రతి మడికిని ప్రాకును.

ఒకే రకపు పెక్కు కంప్యూటర్లను ఒక్కమారుగా సిద్ధము చేయు పద్ధతియు ఇట్టిదే. ఒక యంత్రమును శ్రద్ధగా తీర్చిదిద్ది, దాని డిస్కులోని సమాచారమంతటికి ఒక ప్రతిరూపమును తీసి, దానిని నెట్‌వర్కు తీగల ద్వారా తక్కిన యంత్రములలో నింపుదురు. ఈ ప్రతిరూపమునకు డిస్కు ఇమేజి యని పేరు. డిస్కు ఖాళీగా నున్నను, పాడైయున్నను, యంత్రము తీగ ద్వారానే మేలుకొనగలుగుటకు నెట్‌వర్కు బూటింగు అని పేరు. ఈ రెండును ఎట్లు పనిచేయునో, వాటికి ముందుగా చేయవలసిన ఏర్పాట్లేవో ఇందు వివరింపబడినవి.

మండల కేంద్రపు అవసరము

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు దారిలోనున్న మాచారెడ్డి ఒక మండల కేంద్రము. నిజామాబాదు జిల్లాలో నుండిన ఈ మండలము 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరినది. ఇట్టి మండల కేంద్రమున ఒక ఉన్నత పాఠశాలలో 20 కంప్యూటర్లు గల గది యొకటి కలదనుకొనుడు. కొన్నింటిలో వైరసు చేరినది. కొన్నింటిలో పాత ప్రోగ్రాములున్నవి. రెండు మూడు అసలే మేలుకొనవు. బాగుచేయువాడు కామారెడ్డి నుండి రావలెను. అతడు ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి ఆపరేటింగు సిస్టమును, తెలుగు కీబోర్డును, పాఠములకు వలయు ప్రోగ్రాములను ఎక్కించుటకు 2 గంటలు పట్టినను మొత్తము 40 గంటలగును. దినమునకు 6 గంటలు పనిచేసినను వారము దినములు గడచును. అంతవరకు గది మూతబడియే యుండును. కొన్ని నెలల పిమ్మట మరల అదే అవస్థ.

ఈ నష్టము చిన్నది కాదు. తెలంగాణలో ఇంజనీరింగు, వ్యవసాయ కోర్సుల ప్రవేశ పరీక్ష 2018 నుండి కంప్యూటరు మీదనే జరుగుచున్నది. అప్పుడు ఎంసెట్ అనబడిన ఆ పరీక్షను 2024 నుండి ఈఏపీసెట్ అనుచున్నారు. ఇంట కంప్యూటరున్న విద్యార్థికి మౌసును త్రిప్పుట చిన్ననాటి ఆట. ఇంట యంత్రము లేని విద్యార్థికి బడిలోని గదియే ఆధారము. ఆ గది మూతబడిన ప్రతి వారమును ఆ విద్యార్థికి తీరని లోటే.

పాఠశాలలకు కంప్యూటర్లను చవకగాను, నిర్వహణకు సులువుగాను అందించుట యెట్లను ప్రశ్న మన రాష్ట్రములకు క్రొత్త కాదు. 2008-09 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 5,000 పాఠశాలలలో కంప్యూటరు విద్యా పథకమును చేపట్టినపుడు, ఒకే కంప్యూటరు శక్తిని పలువురు విద్యార్థులు పంచుకొను ఎన్‌కంప్యూటింగ్ పరికరములను వాడిరి. విద్యార్థి ముందు తెర, కీబోర్డు, మౌసు, ఒక చిన్న పెట్టె మాత్రముండును. పనియంతయు ప్రధాన యంత్రమే చేయును. కావున బాగుచేయవలసిన యంత్రములు తగ్గును. కాని ప్రధాన యంత్రము ఆగినచో దాని నాశ్రయించిన పీటలన్నియు ఆగును. నెట్‌వర్కు బూటింగులో ప్రతి యంత్రమునకు తన మెదడు తనకుండును. మేలుకొలుపు మాత్రమే బయటినుండి వచ్చును.

బూటింగు అనగా నేమి?

కంప్యూటరు పనిచేయవలెనన్న ప్రోగ్రాము దాని మెమరీలో నుండవలెను. కాని విద్యుత్తు ఆగగానే మెమరీ ఖాళీయగును. మరునాడు మీట నొక్కినపుడు డిస్కునుండి ప్రోగ్రామును మెమరీలోనికి తెచ్చుటకు ఇంకొక ప్రోగ్రాము వలయును. ఆ ప్రోగ్రామును తెచ్చు వారెవరు? తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొన్నట్లున్న ఈ చిక్కును బట్టియే ఆంగ్లమున దీనికి బూటింగు అను పేరు వచ్చినది.

చిక్కును విప్పునది యంత్రపు బోర్డుమీదనున్న ఒక చిప్పు. అందు విద్యుత్తు పోయినను చెరగని చిన్న ప్రోగ్రామొకటి కలదు. పాత యంత్రములలో దానిని బయాస్ అనియు, క్రొత్తవానిలో యూఈఎఫ్ఐ అనియు అందురు. మీట నొక్కగానే అది మెమరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించి, ఆపరేటింగు సిస్టము ఎక్కడనున్నదో వెదకును. ఎక్కడెక్కడ ఏ వరుసలో వెదకవలెనో దానికి ముందే చెప్పియుంచవచ్చును. సాధారణముగా డిస్కే మొదటిది. ఆ వరుసలో నెట్‌వర్కును మొదట నిలిపినచో యంత్రము డిస్కువైపు చూడక తీగవైపు చూచును.

యంత్రము అడుగు మూడు ప్రశ్నలు

తీగవైపు తిరిగిన యంత్రమునకు తన పేరు తెలియదు, చిరునామా తెలియదు, ఎవరి నడుగవలెనో కూడ తెలియదు. దానికి తెలిసినది ఒక్కటే: నెట్‌వర్కు కార్డునకు తయారుచేయునాడే ఇచ్చిన 48 బిట్ల సంఖ్య. దీనిని మ్యాక్ అడ్రసు అందురు. ఏ రెండు కార్డులకును ఒకే సంఖ్య ఉండరాదని నియమము. ఆ సంఖ్యను పేర్కొని యంత్రము తీగమీద అందరికి వినబడునట్లు, "నాకు చిరునామా ఏది?" అని కేకవేయును. ఇది మొదటి ప్రశ్న.

గదిలో సర్వరు అనబడు ప్రధాన యంత్రమొకటి ఈ కేకను కనిపెట్టియుండును. అందలి డీహెచ్‌సీపీ అను సేవ ఒక ఐపీ చిరునామాను ఇచ్చును. దానితోనే రెండవ ప్రశ్నకు, అనగా "నన్ను మేల్కొలుపు ఫైలు ఎవరియొద్ద, ఏ పేరుతో నున్నది?" అనుదానికి జవాబు నిచ్చును. తాను బయాస్ యంత్రమో యూఈఎఫ్ఐ యంత్రమో కేకలోనే తెలుపబడును గనుక, సర్వరు దానికి తగిన ఫైలు పేరునే చెప్పగలదు.

మూడవది, "ఆ ఫైలు నిమ్ము" అను కోరిక. దీనిని తీర్చు సేవకు టీఎఫ్‌టీపీ యని పేరు. ట్రివియల్ అనగా అల్పమని అర్థము. ట్రివియల్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్ అను పేరునకు తగినట్లే ఇది మిక్కిలి సామాన్యమైనది. ఫైలును 512 బైట్ల ముక్కలుగా కోసి ఒక్కొక్కటిగా పంపును. ఒక ముక్క ముట్టినదని జవాబు వచ్చిన పిమ్మటనే రెండవది పంపును. 512 కంటె చిన్నదైన ముక్క వచ్చినచో ఫైలు ముగిసినదని గుర్తు. ఇంత సరళముగా నుండుటచేతనే నెట్‌వర్కు కార్డులోని చిన్న చిప్పులో కూడ దీనికి చోటు దొరికినది. సరళత్వమునకు మూల్యమును కలదు. 50 మెగాబైట్ల ఫైలునకు దాదాపు 98,000 ముక్కలు, అన్ని జవాబులు కావలెను. కావున టీఎఫ్‌టీపీతో చిన్న ఫైలును మాత్రము తెచ్చుకొని, పెద్దవానిని వేరొక వేగవంతమైన మార్గమున తెచ్చుకొనుట నేటి వాడుక.

వచ్చిన చిన్న ప్రోగ్రాము లినక్సు కెర్నెలును మెమరీలోనికి తెచ్చుకొని దానికి పగ్గములు అప్పగించును. అప్పుడు యంత్రము డిస్కును ముట్టకయే పూర్తిగా మేలుకొన్నదగును. ఇక డిస్కును చెరిపి వ్రాయుటకు అడ్డులేదు. తాను కూర్చున్న కొమ్మను తానే నరుకుకొను చిక్కు తప్పినది.

ఈ పద్ధతి ఒక్కనాడు పుట్టినది కాదు. డిస్కులు మిక్కిలి ఖరీదుగా నున్న కాలమున డిస్కులేని యంత్రములను నడుపుటకై ఇట్టి ప్రయత్నములు మొదలయ్యెను. టీఎఫ్‌టీపీ నియమములను 1981లో కారెన్ సాలిన్స్ ప్రకటించెను. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు బూట్‌పీ అను పద్ధతిని ప్రతిపాదించిరి. అది 1993లో డీహెచ్‌సీపీగా విస్తరించెను. వీనినన్నిటిని కూర్చి ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ అను ప్రమాణమును రూపొందించెను. వాడుకలో దీనిని పిక్సీ యందురు. దాని 2.1వ రూపము 1999లో వెలువడినది. నేడు ఆఫీసులకై తయారగు కంప్యూటర్లలో దాదాపు అన్నిటను ఇది కలదు.

గదిని సిద్ధము చేయుట

మొదట తీగలను చూడవలెను. పిక్సీ సాధారణముగా వైఫైపై పనిచేయదు. ప్రతి యంత్రమునుండి స్విచ్చు వరకు ఈథర్‌నెట్ తీగ ఉండవలెను. తీగలో 8 సన్నని తంతులుండును. సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు 4 తంతులు చాలును. గిగాబిట్ వేగమునకు ఎనిమిదియు కావలెను. ఒక్క తంతి తెగినను వేగము పదవవంతునకు పడిపోవచ్చును. యంత్రము పనిచేయుచునే యుండును గనుక ఈ లోపము వెంటనే కంటబడదు.

రెండవది, గదిలో చిరునామాలనిచ్చు పెద్ద ఒక్కడే యుండవలెను. ఇంటర్నెట్టు రౌటరులో కూడ డీహెచ్‌సీపీ యుండును. ఒక కేకకు ఇద్దరు వేర్వేరు జవాబులిచ్చినచో, ముందుగా వచ్చిన దానిని బట్టి కొన్ని యంత్రములు మేలుకొనును, కొన్ని మేలుకొనవు. దీనికి పరిష్కారములు రెండు: పని జరుగునంతసేపు రౌటరును వేరుచేయుట, లేదా చిరునామాల పనిని రౌటరునకే విడిచి, మేలుకొలుపు ఫైలు సంగతిని మాత్రము చెప్పు సేవను సర్వరులో నుంచుట. డీఎన్ఎస్‌మాస్క్ అను ఉచిత ప్రోగ్రాము రెండవ విధమున నడువగలదు.

మూడవది, ప్రతి యంత్రపు చిప్పులోని అమరికలు. నెట్‌వర్కు బూటింగును అనుమతింపవలెను. అన్నియు బయాస్ విధమునగాని, అన్నియు యూఈఎఫ్ఐ విధమునగాని ఉండవలెను; కలగాపులగముగా నున్నచో ఒకదాని ప్రతిరూపము మరొకదానిలో మేలుకొనదు. డిస్కును నడుపు విధము కూడ అన్నిట ఒక్కటిగనే యుండవలెను. సెక్యూర్ బూట్ అను రక్షణ ఉన్నచో సంతకము గల మేలుకొలుపు ఫైలునే వాడవలెను.

దూరమునుండియే యంత్రమును లేపు వేక్ ఆన్ లాన్ అను అమరిక ఉన్నచో దానిని కూడ తెరచుట మంచిది. దానికై సర్వరు పంపు సందేశమున మొదట 6 బైట్ల గుర్తు, తరువాత ఆ యంత్రపు మ్యాక్ అడ్రసు 16 మారులు, మొత్తము 102 బైట్లుండును. నిద్రలోనున్న యంత్రమున కార్డు మాత్రము మెలకువగా నుండి తన సంఖ్యను గుర్తించి మీట నొక్కినట్లు చేయును.

నాలుగవది ఒక నోటుపుస్తకము. ఏ పీటపైనున్న యంత్రమునకు ఏ మ్యాక్ అడ్రసో, డిస్కు ఎంతటిదో, పేరేమో అందు వ్రాసియుంచవలెను. యంత్రములకు పేర్లు పెట్టుటకును, పాడైన దానిని గుర్తించుటకును ఈ పట్టికయే ఆధారము.

మాతృక యంత్రము

ఇక నారుమడి సంగతి. 20 యంత్రములలో ఒకదానిని మాతృకగా నెన్నుకొని, దాని డిస్కును చెరిపి, ఆపరేటింగు సిస్టమును క్రొత్తగా ఎక్కింపవలెను. ఏ సిస్టమును ఎన్నుకొనవలెనన్న ప్రశ్న ఇప్పుడు పెక్కు బడులకు ఎదురగుచున్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములు పెక్కు విండోస్ 11కు తగవు. అట్టి చోట్ల లినక్సు ఒక మార్గము. తెలుగు ముఖము గల లినక్సును స్వేచ్ఛ సంస్థ రూపొందించియుండుట తెలుగు బడులకు అనుకూలము. లినక్సును ఎన్ని యంత్రములకైనను నకలు చేయవచ్చును. విండోసునకు నకలు తీయుట సులభమే యైనను, ప్రతి యంత్రమునకును లైసెన్సు ఉండవలెను.

మాతృకలో బడికి వలయునవి మాత్రమే యుండవలెను. ఉపాధ్యాయుల పాస్‌వర్డులు, ఈమెయిలు ఖాతాలు, బ్రౌజరు గుర్తుంచుకొన్న వివరములు ఒక్కటియు మిగులరాదు. ఒక యంత్రములో మరచిన పాస్‌వర్డు ప్రతిరూపము ద్వారా 20 యంత్రములకు చేరును. వైరసు సంగతియు అంతే. ఇట్టి లోపములే నారుమడిలోని తెగులు.

అంతకంటె సూక్ష్మమైనది గుర్తింపు. ప్రతి యంత్రములో ఆపరేటింగు సిస్టము తనకొక అంతరంగ గుర్తింపు సంఖ్యను, ఒక పేరును ఉంచుకొనును. నకలు తీసినపుడు అవియు నకలగును. ఒకే పేరుతో 20 మంది తరగతిలో కూర్చున్నచో హాజరు పిలుచుట యెట్లు? నెట్‌వర్కునకును అదే తికమక. అందుచేత ప్రతిరూపము తీయుటకు ముందు ఆ గుర్తింపులను చెరిపివేయవలెను. ప్రతి యంత్రము మొదటిమారు మేలుకొన్నపుడు తన గుర్తింపును తానే క్రొత్తగా కల్పించుకొనును. విండోసులో ఈ పనిని సిస్‌ప్రెప్ అను ప్రోగ్రాము చేయును. లినక్సులో మెషీన్ ఐడీ అను ఫైలును ఖాళీ చేయుట, సర్వరుకు సంబంధించిన రహస్య తాళములను తొలగించుట చేయుదురు.

ప్రతిరూపము తీయుట, పంచుట

డిస్కు చిన్న చిన్న గడులుగా విభజింపబడియుండును. 500 గిగాబైట్ల డిస్కులో 25 గిగాబైట్లే నిండియున్నచో తక్కిన ఖాళీ గడులను నకలు చేయుట వృథా. ఏ గడులు నిండియున్నవో ఫైల్ సిస్టములోని పట్టికను చదివి, వానిని మాత్రమే తీసికొని, కుదించి భద్రపరచు ప్రోగ్రాములు కలవు. న్యూజిలాండునకు చెందిన మర్రే హేజార్డ్ 1990 దశకమున రూపొందించిన ఘోస్ట్ ఈ రంగమున పేరొందినది. నేడు ఫాగ్, తైవాను జాతీయ గణన కేంద్రమున పుట్టిన క్లోన్‌జిల్లా అనునవి ఉచితముగా లభించును.

ఇందు రెండు మెలకువలు కలవు. విండోసును మూసినపుడు వేగముగా మేలుకొనుటకై అది సగము నిద్రలోనే యుండు ఏర్పాటొకటి కలదు. దానిని తొలగించి పూర్తిగా మూసిన పిమ్మటనే నకలు తీయవలెను. డిస్కు బిట్‌లాకర్ తాళముతో నున్నచో ముందుగా తాళము విప్పవలెను. లేనిచో నిండిన గడి, ఖాళీ గడి ఒకేరీతి కనబడి మొత్తము డిస్కును మోయవలసివచ్చును. నకలు నింపబోవు డిస్కు మాతృక డిస్కుకంటె చిన్నది కాకుండుటయు ముఖ్యము.

ఇప్పుడు లెక్క చూడుడు. కుదించుటకు ముందు ప్రతిరూపము 25 గిగాబైట్లనుకొనుడు. సెకనుకు 100 మెగాబిట్లనగా 12.5 మెగాబైట్లు. ఒక యంత్రమునకు 2,000 సెకనులు, అనగా 33 నిమిషములు పట్టును. 20 యంత్రములకు వేర్వేరుగా పంపినచో సర్వరు తీగపై 40,000 సెకనులు, అనగా 11 గంటలు దాటును. గిగాబిట్ తీగయైనచో ఇందు పదవవంతు. అయితే డిస్కుల వేగమును బట్టి కొంత హెచ్చును.

దీనికి మరియొక ఉపాయము మల్టికాస్టు. ఉపాధ్యాయుడు ఒకే పాఠమును 20 మందికి 20 మారులు చెప్పడు. ఒక్కమారు చదివినచో అందరును వ్రాసికొందురు. అట్లే సర్వరు ప్రతి ముక్కను ఒక్కమారే పంపును. యంత్రములన్నియు ఏకకాలమున అందుకొనును. అప్పుడు 100 మెగాబిట్ల తీగపైన కూడ 20 యంత్రములకు దాదాపు ఒక్క యంత్రమునకు పట్టు కాలమే చాలును. కాని తరగతిలో మెల్లగా వ్రాయు విద్యార్థికై అందరు ఆగవలసినట్లు, తెగిన తంతి గల ఒక్క యంత్రము అన్నిటిని వెనుకకు లాగును. తీగలను ముందే పరీక్షింపుమనుటకు కారణమిదే.

తప్పక గుర్తుంచుకొనవలసినవి

ప్రతిరూపము నింపుట యనగా డిస్కుమీద అంతకుముందున్న దానిని చెరుపుట. విద్యార్థి గీసిన బొమ్మ, వ్రాసిన పాఠము, తయారుచేసిన ప్రాజెక్టు అన్నియు పోవును, మరల రావు. కావున ముందుగా వారి ఫైళ్లన్నిటిని సర్వరులోనికో, వేరొక డిస్కులోనికో చేర్చి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. ఆ దినమునుండి విద్యార్థుల పనిని యంత్రములో గాక సర్వరులోనే దాచు అలవాటు చేసినచో, యంత్రము ఎప్పుడు చెడినను భయముండదు.

మొదట ఒక్క యంత్రమునకు మాత్రమే ప్రతిరూపమును నింపి చూడవలెను. అది మేలుకొన్నదా, తెలుగు అక్షరములు సరిగా పడుచున్నవా, ప్రింటరు పనిచేయుచున్నదా, పేరు వేరుగా నున్నదా అని పరీక్షించి, పిమ్మట ఐదింటికి, ఆ పిమ్మట అన్నిటికి పోవలెను. నడుమ విద్యుత్తు పోయినచో సగము వ్రాసిన డిస్కు మేలుకొనదు. అయినను నష్టము కొంచెమే. మరల నెట్‌వర్కు ద్వారా లేపి మొదటినుండి నింపవచ్చును. సర్వరునకు మాత్రము యూపీఎస్ తప్పక ఉండవలెను.

పని ముగిసిన పిమ్మట చేయు మరపు అన్నిటికంటె ప్రమాదకరము. యంత్రములు నెట్‌వర్కువైపే మొదట చూచుచుండగా, సర్వరులో "ప్రతిరూపమును నింపుము" అను ఆజ్ఞ అట్లే మిగిలినచో, మరునాడు ఉదయము మీట నొక్కిన ప్రతి యంత్రమును తన డిస్కును తానే చెరుపుకొనును. కావున సర్వరు ఇచ్చు మామూలు జవాబు "నీ డిస్కునుండియే మేలుకొనుము" అని యుండవలెను. నింపు ఆజ్ఞను ఆ పూటకు మాత్రమే ఇచ్చి, పని కాగానే తొలగింపవలెను. మేలుకొలుపు ఫైలును పంపు యంత్రము నిజమైన సర్వరేనా యని పాత పిక్సీ అడుగదు. ఎవరు ముందు పలికిన వారిని నమ్మును. అందుచేత ఈ పనిని బయటి నెట్‌వర్కుతో సంబంధము లేని గది స్విచ్చుపైననే జరుపుట క్షేమము.

ఇన్ని జాగ్రత్తలు విన్నవారికి ఒక్కొక్క యంత్రమును విడిగా బాగుచేయుటయే మేలని తోచవచ్చును. మొదటిమారు సర్వరును, మాతృకను సిద్ధము చేయుటకు రెండు మూడు దినములు పట్టుట నిజము. రెండవమారు ఆ కష్టముండదు. నోటుపుస్తకమున పట్టిక యున్నది, సర్వరులో ప్రతిరూపమున్నది. 7వ పీటమీది యంత్రము సోమవారము ఉదయము చెడినచో, కామారెడ్డికి కబురు పంపి ఎదురుచూడ నక్కరలేదు. బడిలోని ఉపాధ్యాయుడో, పదవ తరగతి విద్యార్థినియో పట్టికను చూచి, నెట్‌వర్కు ద్వారా దానిని లేపి ప్రతిరూపమును నింపినచో, మధ్యాహ్నపు తరగతికి అది తక్కిన 19 యంత్రముల సరసన పనిచేయుచుండును.